పడుకుని చెప్పిన సిగ్నల్

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నా పరువు పట్టాలు తప్పిన కథ చెబుతాను. పడీపడీ నవ్వండి, కానీ నడుం జాగ్రత్త!

ఎనభైల చివర్లో నేను గూడ్సు బండి మీద అసిస్టెంట్ డ్రైవర్ని. నడుం నొప్పి ఏడాదిగా వదల్లేదు. మాత్రలు మింగి మింగి కడుపు కూడా పాడైంది. "ఎముకలు బాగానే ఉన్నాయి. భయంతో ఒళ్ళు బిగబట్టేస్తున్నావు. మన రైల్వే ఇనిస్టిట్యూట్ హాల్లో ఒక టీచరమ్మ పడుకోబెట్టి ఒళ్ళు వదులు చేయడం నేర్పుతోంది, వెళ్ళు" అన్నారు డాక్టరు. నెలాఖరు మెడికల్ పరీక్షలో వంగి లేవలేకపోతే ఇంజన్ దిగిపోవాలి, షెడ్డు ఆఫీసులో ఫైళ్ళు మోసుకోవాలి. అది తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

"ఏటండీ, పడుకోడానికి కూడా కిలాసు ఏటి? అదైతే మీరే ఊరందరికీ నేర్పగలరు కదా!" అంది మా ఆవిడ.

మా డ్రైవర్ సింహాచలం బాబాయి మోకాళ్ళ నొప్పులతో నాకు తోడొచ్చాడు. హాలంతా బండ్లు నడిపే మా రన్నింగ్ స్టాఫే, జంపఖానాల మీద వరసగా పడుకున్నాం.

ఇక్కడ మా ఉద్యోగం సంగతొకటి చెప్పాలి. సిగ్నల్ కనబడగానే ఒకరు రంగు పైకి చెప్పాలి, రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. అది మాకు ఊపిరి పీల్చడంలాంటిది. నా కొంప ముంచింది అదే.

"అచ్ఛా భయ్యా, కళ్ళు మూసుకోండి" అంది టీచరమ్మ మెత్తగా. "నొప్పి ఉన్నచోట ఎర్రదీపం ఉందనుకోండి. ఊపిరి వదలండి. ధీరే ధీరే, మెల్లమెల్లగా, ఆ దీపం ఆకుపచ్చగా మారుతోంది..."

నిజంగానే మారింది! నడుంలో ముడి ఏదో విడిపోతోంది. ఆ హాయిలో నేనెక్కడున్నానో మరిచిపోయి గొంతు చించుకున్నాను.

"గ్రీన్!"

"గ్రీన్!" అన్నాడు బాబాయి గురక మధ్యలోంచి. ఆ మూల నుంచి "గ్రీన్!" ఈ మూల నుంచి "గ్రీన్!" గుమ్మం దగ్గర పడుకున్న గార్డు కళ్ళు తెరవకుండానే జేబులోంచి విజిల్ తీసి ఊదాడు. నేను దిగ్గున లేచి, హారన్ అనుకుని టీచరమ్మ మంచినీళ్ళ జగ్గు లాగాను. నీళ్ళన్నీ బాబాయి ముఖాన!

"ఒరే, ఏటయ్యిందిరా నీకు!" అన్నాడు బాబాయి.

టీచరమ్మ తిట్టలేదు. నన్నే చూస్తూ, "భయ్యా, మీరు ఎలా లేచారు?" అంది.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పొద్దున మంచం దిగడానికి మా ఆవిడ చెయ్యి పట్టుకున్న మనిషిని నేను! ఆ ఆలోచన రాగానే నడుం మళ్ళీ కలుక్కుమంది. అయినా దిగులు పడలేదు. ఒక్క నిమిషమైనా నొప్పి పోయిందంటే, అది పోగలదన్నమాట. నా ఒంట్లోనే ఇంత వింత ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. రోజూ సాధన చేశాను. నొప్పి మొత్తం పోలేదు కానీ, నా మాట వినడం నేర్చుకుంది.

మెడికల్ రోజు రానే వచ్చింది. "వంగు" అన్నారు డాక్టరు. భయంతో నడుం బిగుసుకుపోయింది. కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాను. దీపం మారింది. వంగాను, లేచాను. ఆనందం పట్టలేక మళ్ళీ అరిచాను.

"గ్రీన్!"

తలుపు బయట బెంచీ మీద నాకోసం కాచుకుని కూర్చున్న బాబాయి, "గ్రీన్!" అన్నాడు.

డాక్టరు పగలబడి నవ్వుతూ ఫిట్ అని రాసిచ్చారు.

బయటికొచ్చి బాబాయి చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేశాను. "ఇంజన్ మీద తప్ప ఇంకెక్కడా, చచ్చినా, సిగ్నల్ చెప్పను."

బాబాయి కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "గ్రీన్!" అన్నాడు.