ఇరానీ సేఠ్ పచ్చపళ్ళెం

“నా పళ్ళెం ఏది, నర్సూబాయీ?”

“తోమి బోర్లించిన, సేఠ్.”

“దాంట్లో గోధుమలున్నాయి కదా!”

“మొలకలొచ్చి పాడైతుండె. మిద్దె మీద ఎండబోసి చక్కీల ఆడించిన. ఇగో పిండి. గింజ గూడ పోలే.”

“పిండి చేశావా! రేపు మా నవరోజు, మా కొత్త సంవత్సరం. అవి పచ్చగా ఎదగాలి, బల్ల మీద పెట్టాలి, పదమూడో రోజున సముద్రంలో వదలాలి!”

“సముద్రంల పారబోసేటందుకా అన్ని గోధుమలు? నువ్వేనా సేఠ్ గీ మాట అనేది?”

అప్పుడు సేఠ్, నేను మాట్లాడుకున్నది బంబయి హిందీలోనే. నా చెవిలో మాత్రం అది తెలుగులోనే మిగిలింది. ఈ ఏడు కూడా హోళీ అయిన మర్నాడు గుప్పెడు గోధుమలు నానబెట్టి, పళ్ళెంలో పరిచి, తడిబట్ట కప్పాను. మూడో రోజుకు ఆ పచ్చి వాసన, కొంచెం పులుపు కలిసిన వాసన, గదంతా పట్టింది. నా మనవరాలు ముక్కు మూసుకుని, “ఆజీ, కరెంటు దండుగని దీపం ఆర్పి చీకట్లో కూర్చుంటవు గని, ఇంత గోధుమ గిట్ల పాడు చేస్తవేంది?” అంది. ఆ మాట నేను ఒకప్పుడు ఇంకొకరిని అన్నదే. అందుకే ఇది రాస్తున్నాను.

రుస్తుం సేఠ్‌ది ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు పోయే దారిలో చాయ్ దుకాణం. పైన రెండు గదుల్లో కాపురం. ఎనభైల మొదట్లో, చలికాలంలో, నేను ఆ ఇంట్లో పనికి కుదిరాను. ఆయన భార్య బానూబాయి ఆ ముందటి వానాకాలంలోనే పోయింది. ఆమెను నేను చూడలేదు. గోడ మీద ఫోటో మాత్రం రోజూ తుడిచేదాన్ని. సేఠ్ పిసినారి అని గల్లీలో అంతా అనేవారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. చక్కెర బస్తాల కుట్టు విప్పి ఆ దారాన్ని ఉండ చుట్టేవాడు. వంగిన మేకులను రాతి మీద పెట్టి సాపు చేసేవాడు. సబ్బు అరిగి పలచబడితే కొత్త సబ్బుకు అంటించమనేవాడు. నా పుట్టింట్లో, అత్తింట్లో కలిపి నాకు ఇంత నచ్చిన మనిషి లేడు. ఈ ఇంట్లో ఏది ఎలా చెయ్యాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు అనుకున్నాను. తప్పు అక్కడే జరిగింది.

ఆ ఏటి నవరోజుకు ముందు సేఠ్ తన చెల్లెల్ని చూడడానికి పూనా వెళ్ళాడు. ఇల్లు చూసుకొమ్మని తాళంచెవి ఇచ్చాడే గాని, కిటికీ దగ్గర తడిబట్ట కింద ఏముందో చెప్పలేదు. బట్ట ఎత్తి చూస్తే గోధుమలు. వేళ్ళు చిక్కుపడి, తెల్లటి మొలకలు గోరంత లేచి ఉన్నాయి. సేఠ్ నానబెట్టి మరిచిపోయాడు అనుకున్నాను. మా ఇళ్ళల్లో పసిపిల్లల జావకు రాగులను మొలకెత్తించి ఎండబెడతాం. అదే చేశాను. చేసి, మెచ్చుకుంటాడని పిండి డబ్బా ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను కూడా.

జగడం నా మాటతో ఆగలేదు. సేఠ్ డబ్బా మూత తీసి, పిండిని వేళ్ళతో తాకి, గొంతు తగ్గించి అన్నాడు: “ఏటా బానూయే చల్లేది. ఆమె తీసిపెట్టిన విత్తనం గోధుమలు డబ్బా అడుగున మిగిలాయి. అవి మొత్తం చల్లాను. నా చేత్తో ఇదే మొదటిసారి. ఇంక లేవు.”

తప్పయిందని నోటితో అనడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. పిండి డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగాను.

ఆ నెలలో పండుగలతో మా గల్లీలకు ఊపిరి ఆడేది కాదు. మూల మీద హోళీ మంట బూడిద ఇంకా తీసి ఉండేవారు కాదు, అప్పుడే మరాఠీ ఇళ్ళవాళ్ళు తమ ఉగాదికి ఇంటి ముందు గుఢీ కట్టడానికి వెదురు వెతికేవారు. మూడో అంతస్తు మార్తమ్మ నలభై రోజులు చేప ముట్టక, ఈస్టరు కోసం రోజులు లెక్కబెట్టేది. మేము ఉగాదికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందో విచారించేవాళ్ళం. నేను వీటన్నిట్లో దండుగే చూసేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం మేమంతా ఒక్కో గదిలో అద్దెకుండే చాల్ మేడ వరండాలో నడుస్తుంటే పొరుగింటి ఎల్లమ్మక్క గడప దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి.

ఎల్లమ్మక్క కూతురు సుజాత పెళ్ళి అయి అయిదు రోజులయింది. పెళ్ళికి ముందు పాలికల్లో, అంటే చిన్న మట్టిమూకుళ్ళలో, నవధాన్యాలు చల్లుతాం కదా. పెళ్ళిలో పోసిన నీళ్ళకు అవి జానెడు ఎదిగి, గోడవార అయిదు వరసగా ఉన్నాయి. పచ్చగా, నిగనిగలాడుతూ.

“అక్కా, ఒక పాలిక ఇయ్యి,” అన్నాను.

“ఏమే నర్సూ, పానం మంచిగున్నదా? పెండ్లి పాలిక గడప దాటుతదా? పిల్ల సంసారం ఏం గావాలె?”

చేసిన పని చెప్పాను. పిండి డబ్బా చూపించాను. ఎల్లమ్మక్క ముందు నవ్వింది. “గింజ పోనియ్యనిదానివి, ముసలాయన పండుగనే ఆడించినవా!” తర్వాత నవ్వు ఆపి తల అడ్డంగా ఊపింది. “ఆయన పండుగ ఆయనది, మన పండుగ మనది. ఇయ్యను.”

సుజాత లోపలి నుంచి వచ్చింది. చేతులకు గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. “పిన్నీ, ఆయన వాటిని ఏం జేస్తడు?” అని అడిగింది.

“పదమూడో దినం సముద్రంల ఇడుస్తడంట.”

“మనం గూడ నీళ్ళల్లనే ఇడుస్తం గదనే అమ్మా. చౌపాటీ సముద్రం ఒక్కటే గద.”

ఎల్లమ్మక్క వంగి ఒక పాలికను ముందుకు జరిపింది. వేలు చూపించి చెప్పింది: “నాలాల పారెయ్యొద్దు. ఆయన చేత్తోనే ఇడువాలె. ఇడిసేటప్పుడు నా బిడ్డ పేరు చెప్పాలె. ఒప్పుకుంటెనే తీస్కపో.”

పదమూడో రోజున సేఠ్ చౌపాటీలో మోకాలు లోతు నీళ్ళలో నిలబడి “సుజాతా” అని గట్టిగా పిలిచి మరీ పాలికను వదిలాడు. పక్కన గాలిపటం ఎగరేస్తున్నవాళ్ళు తిరిగి చూశారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. తర్వాతి ఏళ్ళలో రెండు పళ్ళేలు చల్లేవాడు, ఒకటి నాకు. ఉగాది పచ్చడి తీసుకుపోతే, “వేపపువ్వులో కూడా పొదుపేనా నర్సూబాయీ, చేదు తెలియడమే లేదు,” అని ఎగతాళి చేసేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. సబ్బుముక్క అంటించడం, దారం ఉండ చుట్టడం నాకు ముందే వచ్చు. ఏడాదికి ఒక గుప్పెడు మాత్రం తినడానికి కాకుండా, అమ్మడానికి కాకుండా, ఊరికే పచ్చగా ఎదగనివ్వడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. నా మనవరాలికి నా జవాబు ఇదే.

జగడం మర్నాడు, నవరోజు పొద్దున, కొంగు కింద పాలికతో మెట్లెక్కాను. బల్ల మీద అద్దం, బానూబాయి ఫోటో తప్ప ఏమీ లేవు. సేఠ్ గడ్డం గీసుకోలేదు. పాలికను ఫోటో ముందు పెట్టి ఎల్లమ్మక్క షరతు చెప్పాను. “సుజాత,” అని రెండుసార్లు అని చూసుకున్నాడు. తర్వాత లేచి, నవరోజు బల్ల మీద పెట్టే గుడ్లకు రంగు వెయ్యడానికి ఉల్లిపొట్టు ఎక్కడ దాచావని అడిగాడు. నేను స్టవ్ ముట్టించి, ఆ పిండితోనే జావ కాచాను. మొలకల పిండి కాబట్టి చక్కెర వెయ్యకుండానే తియ్యగా ఉంది. మొదటి గిన్నె ఫోటో ముందు పెట్టాడు. రెండోది తాను తాగాడు, గిన్నె అడుగు వేలితో తుడిచి మరీ. మూడోది నా వైపు జరిపాడు. తాగి, మూడు గిన్నెలూ తోమి బోర్లించాను. ఆయన కిందికి వెళ్ళి దుకాణం తలుపులు తెరిచాడు.