ఎడమ సీట్లో రెండు బియ్యం బస్తాలు: తెనాలి నుంచి రేపల్లె మీదుగా బాపట్ల

తెనాలి నుంచి బాపట్ల వెళ్ళాలంటే పొన్నూరు మీదుగా గంటా పావు చాలు. రైలైతే ఇంకా తొందర. నేను మాత్రం రేపల్లె చుట్టూ తిరిగి, దాదాపు రెట్టింపు దూరం కారు నడుపుకుంటూ వెళ్ళాను. బాపట్లలో శైలజగారని ఒక టీచరు నా కారు కొంటానన్నారు. మధ్యాహ్నం మూడింటికి తెచ్చి చూపిస్తానని మాటిచ్చాను. ఇచ్చేసేలోగా నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటి మిగిలింది. ఈ కారుతో మలుపులు తిరగడంలో నాకుండే సరదా ఇంకా ఉందా, పోయిందా అన్నది తేల్చుకోవాలి. ఉంటే దారిలోంచే ఫోన్ చేసి అమ్మనని చెప్పి, నాలుగు తిట్లు తిని వెనక్కి వచ్చేస్తాను. లేకపోతే తాళాలు ఆవిడ చేతిలో పెట్టి రైలెక్కుతాను.

నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. కారు పదహారేళ్ళ పాతది. ఎనిమిదివందల సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. మా కాలేజీ కుర్రాళ్ళ బైకులు కొన్ని దీనికంటే గట్టిగా లాగుతాయి. అలాంటి డొక్కు కారుని మలుపుల్లో వేగంగా తిప్పడం ఏం సరదా అని చాలామంది నన్ను ఆటపట్టించారు. పెద్ద కారులో బ్రేకు వేసినా మళ్ళీ కాస్త తొక్కితే పోయిన వేగం వెంటనే వచ్చేస్తుంది. ఇందులో రాదు. పోగొట్టుకున్న వేగం కోసం అర కిలోమీటరు పాటు ఇంజను గోల వినాలి. అందుకే దాన్ని పోగొట్టుకోకుండా ఉండటమే ఇక్కడి విద్యంతా. మలుపుకి ముందే మూడో గేరుకి దించి, ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని, స్టీరింగు ఒక్కసారే తిప్పి అలాగే పట్టుకోవాలి. కారు పడుకున్నంత పని చేస్తుంది, టైర్లు సన్నగా మూలుగుతాయి, యాభై ఐదు మీద మలుపు దాటి బయటపడితే ఏదో సాధించినట్టు ఒళ్ళంతా పొంగుతుంది. నిజానికి అది పల్లెవెలుగు బస్సు పోయే వేగమే. ఆ సంగతి కారులో ఉన్నవాళ్ళకి గుర్తుండదు.

ఆ కారులో పన్నెండేళ్ళు నా పక్కన పద్మ కూర్చుంది. పద్మ నా భార్య, పోస్టాఫీసులో పనిచేసేది. ఆదివారం పొద్దున్నే ఇద్దరం ఈ కాలవగట్టు రోడ్లు పట్టుకుని తిరిగేవాళ్ళం. మలుపు దగ్గర నేను కాస్త వెనకాడితే "ఇంకొంచెం" అనేది. ఆ ఒక్క మాటే. కుడి మలుపుల్లో నా వైపు ఒరిగేది, భుజం వచ్చి నా భుజానికి తగిలేది. నాకంటే తనకే ఈ పిచ్చి ఎక్కువని అందరికీ చెప్పుకునేవాణ్ణి. పద్నాలుగు నెలల క్రితం జ్వరమని ఆసుపత్రిలో చేరి పదిహేను రోజుల్లో పోయింది. మాకు పిల్లలు లేరు.

తర్వాత కారు తీరు మారిపోయింది. ఎడమ మలుపుల్లో తేడాగా తిరుగుతోంది. మెకానిక్కి చూపిస్తే అంతా బాగానే ఉందన్నాడు. అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. కారు బరువు ఆరువందల యాభై కిలోలు, పద్మ బరువు యాభై రెండు. అంటే కారులో దాదాపు పన్నెండో వంతు తనే. ఎడమపక్క అంత బరువు పోయాక ఎడమకి తిప్పితే భారమంతా కుడి చక్రాల మీద పడుతుంది, ఎడమ చక్రానికి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. రోగం తెలిసింది కాబట్టి మందు కూడా తెలిసిందనుకున్నాను. ఇరవై ఆరు కిలోల బియ్యం బస్తాలు రెండు కొని, ఎడమ సీట్లో ఒకదాని మీద ఒకటి పెట్టి, బెల్టు బిగించాను.

ఫిబ్రవరి చివరి శనివారం పొద్దున ఆరు కాకముందే బయలుదేరాను. ఆరువందల రూపాయల పెట్రోలు పోయిస్తే ఈ దారికి సరిపోయి ఇంకా మిగులుతుంది. ఊరు దాటేముందు టిఫిన్ బండి దగ్గర ఆగి, నాలుగిడ్లీ నలభై రూపాయలకి తిన్నాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బండి ఆవిడ చట్నీ వేస్తూ కారు వైపు తొంగి చూసింది.

"మేడంగారు దిగరా సార్? పార్సిల్ కట్టమంటారా?"

"మేడం కాదమ్మా, బియ్యం బస్తాలు."

"అయ్యో, చీకట్లో మనిషనుకున్నానండి!" అని పకపకా నవ్వింది. నేను కూడా నవ్వాను. డబ్బులిచ్చి కారెక్కాక నవ్వు ఎటుపోయిందో తెలియదు.

మీరు ఈ దారిన వెళ్ళాలనుకుంటే జంపని షుగర్ ఫ్యాక్టరీ దాటేదాకా తొందరపడకండి. పాల బళ్ళు, కాలేజీ బస్సులు, ఆటోలు మిమ్మల్ని ఎలాగూ పోనివ్వవు. వేమూరు తర్వాత మెయిన్ రోడ్డు వదిలి కాలవ పక్కకి దిగితే అసలు సరదా మొదలవుతుంది. కాలవ ఎటు తిరిగితే రోడ్డు అటు తిరుగుతుంది. చదును నేల కావడంతో ఎదురొచ్చే బండి అంత దూరం నుంచే కనిపిస్తుంది. తుమ్మచెట్లు అడ్డొచ్చిన చోట మాత్రం హారన్ కొట్టి, జవాబు విని, అప్పుడు తిరగాలి. ఈ నెలల్లో ఇంకో సంగతి ఉంది. రైతులు మినుము కట్టె తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, బళ్ళు తొక్కితే గింజ రాలుతుంది. భట్టిప్రోలు ఇవతల ఒక మలుపు నిండా పరిచి ఉంటే నేను పక్కనుంచి పోబోయాను. గొంగళి భుజాన వేసుకున్న పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పక్కకి పోతావేంటయ్యా? మీదనించి పోనియ్యి. కానీ నెమ్మదిగా, జారుద్ది."

నెమ్మదిగానే తొక్కించి పోయాను. ఆయన సంతోషించాడు.

మిగతా మలుపుల్లో నా లెక్క అక్షరాలా నిజమైంది. ఎడమకి తిప్పితే కారు పట్టాలెక్కినట్టు తిరిగింది. నాలుగు ఎడమ మలుపులు పాత వేగంతోనే దాటాను. అయినా ఒళ్ళు పొంగలేదు. నమ్మబుద్ధి కాక వెనక్కి వెళ్ళి అవే మలుపులు మళ్ళీ తిరిగాను. కారు బాగుంది, రోడ్డు బాగుంది, ఎండ ఇంకా ముదరలేదు. ఇంత బాగున్నా నాకెందుకు బాగోలేదో అర్థం కాలేదు. ఎనిమిదిన్నరకి రేపల్లె చేరి, అక్కడినుంచి పెనుమూడి వంతెన దాకా వెళ్ళి కృష్ణ వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పక్కన మాట్లాడే మనిషి లేకపోతే నది ఎంత పెద్దదైనా పావుగంటకి మించి చూడలేం. మూడింటిదాకా వేరే పని లేక నేను రెండు గంటలు చూశాను. రేపల్లె తిరిగొచ్చి వంద రూపాయల భోజనం చేసి, పన్నెండు దాటాక బాపట్ల దారి పట్టాను.

నగరం అనే ఊరి బయట బస్సు కోసం నిలబడిన ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. అరవై ఐదేళ్ళుంటాయి, చంకలో ఖాళీ చేపల బేసిన్. పేరు కోటమ్మ. నిజాంపట్నం దగ్గర పల్లె తనది. బాపట్లలో కంటి డాక్టరు దగ్గరికి పోవాలట, బస్సు తప్పిపోయిందట. బస్తాలు వెనక సీట్లోకి మార్చే పని పడింది. బెల్టు విప్పుతుంటే అడిగింది.

"బియ్యానికి బెల్టేంటి బాబూ?"

ఎందుకో ఆవిడకి అబద్ధం చెప్పాలనిపించలేదు. భార్య సంగతి, బరువు సంగతి అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"మా పడవలోనూ అంతేగా. మా ఆయన తెరచాప వేసుకుని పోయేటప్పుడు ఒక మనిషి రాకపోతే ఇసక మూట పెట్టుకునేవాళ్ళు" అంటూ ఎక్కి కూర్చుంది. కూర్చోగానే కాళ్ళు కదిపి కిందికి చూసింది. "ఇక్కడ మ్యాట్ బొక్క పడింది బాబూ, కాలు దిగబడతంది."

"పాత కారమ్మా, అరిగిపోయింది."

"మిగతాదంతా బానే ఉందిగా. ఇక్కడొక్కచోటే అరిగిందేంటి?"

నేను పట్టించుకోలేదు. పిట్టలవానిపాలెం వైపు రోడ్డు కుడికి తిరిగే చోట, ఆవిడ ఉందని వేగం తగ్గించే తిప్పాను. కోటమ్మ ఒక చేత్తో బేసిన్ పట్టుకుని, అడగకుండానే నా వైపు ఒరిగింది. ఎంతో కాదు, జానెడు. పడవలో పుట్టి పెరిగిన మనిషి, అలవాటుగా ఒరిగి ఉంటుంది. పొద్దుటినుంచి నాకు దొరకనిది అదే.

"మూటతో పని జరిగేదామ్మా?" అని అడిగాను.

"బరువుకి సరిపోద్ది. కానీ మూట ఒరగదుగా బాబూ. గాలి తిరిగినప్పుడల్లా ఒకళ్ళు లేచి దాన్ని లాగాల."

"మరి ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేస్తారు? ఇంకో మనిషి దొరికితే ఎక్కించుకునేవాళ్ళు. దొరక్కపోతే ఆ రోజుకి నెమ్మదిగా పోయొచ్చేవాళ్ళు."

కర్లపాలెం దాటేసరికి నా పరీక్ష ముగిసింది. కారు అమ్మేస్తాను. బాపట్లలో కోటమ్మని కంటి డాక్టరు దగ్గర దింపి, ఒక బస్తా ఇంటికి తీసుకెళ్ళమన్నాను. "నువ్వు వండుకునేదానికి?" అంది. ఒక్కడికి ఒక బస్తా నాలుగు నెలలొస్తుందని చెబితే, ఆటోవాణ్ణి పిలిచి ఎత్తించుకుంది.

శైలజగారికి ముప్ఫై ఐదేళ్ళుంటాయి. లైసెన్సు తీసుకుని ఏడాదైనా, చేతిలో కారు లేక అలవాటు తప్పిందట. "నేనే నడిపి చూస్తాను మాస్టారూ, మీరు పక్కన కూర్చోండి" అన్నారు. పదహారేళ్ళలో ఈ కారు ఎడమ సీట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి. తలుపు వేసుకుంటే అది నా కారులాగే అనిపించలేదు. స్టీరింగు లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. సూర్యలంక రోడ్డు మీద కొంతదూరం పోయి, రొయ్యల చెరువుల మధ్య పక్క రోడ్డులోకి తిరిగాం. అక్కడ చెరువుగట్టు వెంట కుడికి పెద్ద మలుపు ఉంది. శైలజగారు వేగం తగ్గించకుండానే అందులోకి పోయారు. ముల్లు నలభై మీద ఉంది, అంతే. కానీ ఎడమ సీట్లోంచి చూస్తే చెరువు సూటిగా నా మీదికే వస్తోంది.

నా కుడికాలు దానంతటదే నేలని బలంగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. మ్యాట్ బొక్క ఉంది. నా మునికాలు సరిగ్గా అందులోకి దిగి, అడుగున ఇనపరేకుకి ఆనింది.

కిందికి చూశాను. రబ్బరు అరిగి, దానికింద గుడ్డ కూడా అరిగి, రేకు నున్నగా తేలింది. పన్నెండేళ్ళు ప్రతి మలుపులోనూ పద్మ బ్రేకు వేసింది. నా పక్కనే కూర్చుని, నాకు తెలియకుండా, భయపడింది. నాకంటే తనకే పిచ్చి ఎక్కువని ఊరంతా చెప్పుకుని తిరిగాను. నా మీద నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

"ఎక్కువైందా మాస్టారూ? తగ్గించనా?" అన్నారు శైలజగారు.

ఎదురుగా ఇంకో మలుపు వస్తోంది. నా కాలు ఇంకా రేకు మీదే ఉంది, తియ్యలేకపోతున్నాను. భయంగా ఉంది. అయినా పద్నాలుగు నెలల నుంచి రాని పొంగు ఒంట్లోకి వచ్చింది.

"వద్దమ్మా. ఇంకొంచెం" అన్నాను.

కారు ఇచ్చేశాను. మ్యాట్ మార్పించుకుంటానని శైలజగారు అంటే సరేనన్నాను. సాయంత్రం ప్యాసింజరు రైల్లో ముప్ఫై రూపాయలలోపు టికెట్టుతో తెనాలి వస్తుంటే ఆవిడ ఫోన్ చేసి, వెనక సీట్లో బియ్యం బస్తా మర్చిపోయారన్నారు. ఉంచుకోమన్నాను. కిటికీ పక్కన కూర్చుని పద్మతో మనసులో చాలా మాట్లాడాను. భయమేస్తే చెప్పొచ్చుగా అని అడిగాను. తన జవాబు ఆ మలుపులో నా నోటినుంచే వచ్చేసింది కాబట్టి ఇంక రెట్టించలేదు. భయమూ నిజమే, ఆ మాటా నిజమే. కానీ నేను సగమే విన్నాను. ఆ మిగతా సగం కోసం ఒక్కసారైనా అడిగి ఉంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ బాధగా ఉంది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒకే ఒక్క సలహా ఇస్తాను. వెళ్ళేటప్పుడు మీరు నడపండి, రేపల్లెలో భోజనం అయ్యాక తాళాలు మీవాళ్ళకి ఇచ్చి ఎడమ సీట్లో కూర్చోండి. నడపడం రానివాళ్ళయితే, ఏదైనా మలుపులో వేగం తగ్గించి, వాళ్ళ కాలు ఎక్కడుందో ఒక్కసారి చూడండి. నేను పన్నెండేళ్ళూ రోడ్డే చూశాను.