దించుకుంటూ వచ్చిన పాట

మా బ్యాండు చరిత్ర ఎవరూ అడగలేదు. అడిగేంత గొప్పది కూడా కాదు. ముగ్గురు మనుషులు, ఒక కీబోర్డు, ఒక గిటారు, మాకు తప్ప ఎవరికీ తెలియని ఏడెనిమిది పాటలు. అయినా ఆ చరిత్ర నాకు కంఠతా వచ్చు. వారం వారం దాన్ని నా వేలితోనే నొక్కాను మరి.

నేను అబూధాబీ పక్కన ముసఫాలో, ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఒక పైపుల ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్ని. వారమంతా వాల్వులతో, బోల్టులతో, ముదీర్ అని పిలిచే మేనేజరు అరుపులతో గడిచేది. శుక్రవారం చర్చిలో కీబోర్డు వాయించేవాణ్ణి. అక్కడ ఆవరణ ఒకటే, భాషలు బోలెడు. ఏ సంఘానికి ఏ గంట హాలు ఇవ్వాలో ముందే నిర్ణయమై ఉంటుంది. మా తెలుగు ఆరాధన ముగిశాక, ఫిలిప్పీన్స్ వాళ్ళు వచ్చేలోగా కాస్త ఖాళీ మిగిలేది. మా బ్యాండు పుట్టిందీ పెరిగిందీ ఆ ఖాళీలోనే.

పాడేది అక్క. తోడబుట్టిన అక్క కాదు, చర్చిలో అందరికీ అక్కే. నరసాపురం వైపు ఆవిడ. అబూధాబీలో ఒక ఆస్పత్రిలో నర్సు. ఊరి శివారు బనియాస్‌లో ఒక పెద్ద ఇంటిని ముక్కలు చేసి అద్దెకిచ్చిన గదుల్లో ఒకదాంట్లో భర్తతో, కూతురితో ఉండేది. చాలా శుక్రవారాలు నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా వచ్చేది. ప్రసంగం జరుగుతున్నంతసేపూ కునికిపాట్లు పడేది. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎలా లేచేదో లేచేది.

గిటారు హైదరాబాద్ అతనిది. కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. వాళ్ళది ఇంట్లో నిత్యం పూజలు జరిగే కుటుంబం. ఫ్లాట్‌లో గిటారు తీస్తే పక్కవాళ్ళు గోడ కొడుతున్నారని మా హాలుకు వచ్చి చేరాడు. అతని ఆఫీసులో పనిచేసి వెళ్ళిపోయిన ఒక అమెరికా ఆయన పోతూ పోతూ ఒక సీడీ ఇచ్చి వెళ్ళాడట. వాళ్ళ ఊళ్ళోని ఏదో చిన్న బ్యాండుది. ఆ బ్యాండు చరిత్రను మావాడు పురాణం చెప్పినట్టు చెప్పేవాడు.

"కార్ల షెడ్డుల మొదలువెట్టిర్రు అన్నా. డ్రమ్ములు కొట్టేటోడు పోయిండు, ఇంకోడొచ్చిండు. పెద్ద కంపెనీలు పిలిస్తె కూడ పోలే. సొంతంగనే సీడీలు వేసుకున్నరు. గట్టిగ అరవరు, సప్పుడు జెయ్యరు. మనం మాట్లాడుకున్నట్టే పాడ్తరు."

అంతా విని అక్క ఒకే ప్రశ్న అడిగింది. "ఇంతకీ తిండికేం చేసేవోరు బాబూ ఆళ్ళు?"

"హోటళ్ళల్ల గిన్నెలు కడిగేటోళ్ళంట అక్కా."

"మరింకేం. మనలాంటోళ్ళే."

అలా మొదలైంది. సినిమా పాటలు కావు, ఆరాధన గీతాలు కావు, మా పాటలు. నీళ్ళ ట్యాంకరు మీద ఒకటి, ఎప్పుడూ పాడై ఉండే లిఫ్టు మీద ఒకటి. మొదట కట్టింది మాత్రం బస్సు పాట. డ్యూటీ దిగిన మనిషి బస్సులో నిద్రపోతుంది, దిగాల్సిన స్టాపు దాటిపోతుంది, మెలకువ వచ్చాక కూడా డ్రైవరన్నను బతిమాలుతుంది: ఆపకు, ఇంకాస్త దూరం పోనీ అని. ఆ "ఆపకు" దగ్గర గొంతు బాగా పైకి వెళ్ళాలి. మొదటి ఏడాది అక్క అక్కడికి నవ్వుతూ వెళ్ళేది.

ఇక్కడ నా వాయింపు సంగతి చెప్పాలి. మా వైపు చర్చిల్లో నేర్చుకున్నవాళ్ళలో చాలామందిలాగే నాకూ ఒకే వరస మెట్లు వచ్చు. ఎవరు ఏ శ్రుతిలో పాడినా నా వేళ్ళు అక్కడే ఉంటాయి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది. అది నొక్కితే వేళ్ళు కదలకుండానే శ్రుతి పైకో కిందికో జరుగుతుంది. ఎంత జరిగిందో చిన్న తెర మీద అంకె కనిపిస్తుంది. బస్సు పాట మొదలుపెట్టినప్పుడు ఆ అంకె ప్లస్ రెండు. తర్వాతి ఏడాది సున్నా. ఆ పైన మైనస్‌లోకి దిగాం. అక్క వార్డులో నర్సులు తగ్గారు, డ్యూటీలు పెరిగాయి. అక్క నా పక్కకొచ్చి మెల్లగా, "ఒక్కటి దించు తమ్ముడూ" అనేది. నేను దించేవాణ్ణి. వేళ్ళు మాత్రం మొదటి రోజు ఉన్నచోటే ఉండేవి.

మధ్యలో ఒక తెలుగు సంఘం వాళ్ళు స్టేజీ ఎక్కించారు. ట్యాంకరు పాట సగంలో ఉండగానే ముందు వరసలోంచి ఒకాయన, "ఊపున్నది ఏదైనా అందుకోండమ్మా!" అని కేక పెట్టాడు. పాట ముగించి దిగిపోయాం. బిర్యానీ కోసం కూడా ఆగలేదు. ఆయన మీద నాకిప్పటికీ కోపమే.

రెండు వేల ఏడులో అక్క మెడలో గడ్డ కనబడింది. థైరాయిడ్. తీసెయ్యాలన్నారు. చర్చి మెట్ల మీద కూర్చుని, వేరే ఎవరి కేసో చెబుతున్నట్టు చెప్పింది.

"పక్కనే సన్న నరం ఒకటుంటాది తమ్ముడూ. దానికి తగిలిందనుకో, మాటకేం కాదు. పై పాట రాదు, అంతే."

అంతే అంది గానీ, మెడ మీది చెయ్యి తియ్యలేదు. ఆపరేషన్ లోపే పాటలు రికార్డు చెయ్యాలని ఆ రోజే అనుకున్నాం. దుబాయ్‌లో అల్ ఖూజ్ అనేచోట గోదాముల మధ్య ఒక కేరళ ఆయన ప్రకటనలు రికార్డు చేసే గది ఉంది. శుక్రవారం మధ్యాహ్నం మాకిస్తానన్నాడు. నాలుగు పాటలు వేద్దామని లెక్క. ముందురోజు నైట్ డ్యూటీ మార్చుకోవాలని అక్క ఎంత తిరిగినా ఎవరూ మార్చుకోలేదు. ముసఫా నుంచి అల్ ఖూజ్ దాకా కారులో నిద్రపోయింది.

గదిలోకి వెళ్ళాక, "బస్సు పాటకి మొదట్లో ఎంత పెట్టేవోడివి? అంతే పెట్టు" అంది.

ప్లస్ రెండు పెట్టాను. "ఆపకు" దగ్గర గొంతు చీలిపోయింది. మళ్ళీ పాడింది, మళ్ళీ చీలింది. నీళ్ళు తాగి పాడింది, కళ్ళు మూసుకుని పాడింది.

గిటారతను ఉండబట్టలేక, "జర దించుదాం అక్కా. ఎవలకు దెలుస్తది?" అన్నాడు.

"నాకు తెలుస్తాది కదా బాబూ. కత్తి పడ్డాక ఎలాగూ దిగుతాది. ఒక్కసారన్నా మొదట్లో ఎలా పాడానో అలాగ ఉండాలి."

అలాగ ఉండలేదు. కేరళ ఆయన అద్దం అవతలి నుంచి, "టైమ్ ఖలాస్ భాయ్" అన్నాడు. నాలుగు పాటల సీడీ అనుకున్నది, విరిగిన గొంతుతో ఒకే ఒక్క పాట అయింది. తిరుగుదారిలో అక్క కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఓదార్చడానికి కూడా మా ఇద్దరికీ ఓపిక లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తెలివి రాగానే డాక్టరు మాట్లాడించి చూడాలని పేరడిగితే, పేరు చెప్పకుండా బస్సు పాట మొదటి లైను ఎత్తుకుందట. బావగారు నవ్వుతూ చెప్పి, నవ్వు మధ్యలోనే ఆగిపోయారు. మాట తిరిగొచ్చింది. పాట రాలేదు. అక్క చర్చిలో వెనక వరసకు మారింది. గిటారతన్ని కంపెనీ వాళ్ళు దోహా పంపించారు. నేను వేరేవాళ్ళకు వాయిస్తూ, వెనక వరస వైపు చూడకుండా నెలలు గడిపాను. ఎలా ఉందని అడగడానికి నాకు భయం.

మరుసటి ఏడు ఒక శుక్రవారం, జనం వెళ్ళిపోయాక, అక్క తనే వచ్చి కీబోర్డు పక్కన నిలబడింది.

"ఏదీ, మన బస్సు పాట."

ఆపరేషన్‌కు ముందు ప్రాక్టీసులో చివరగా పాడిన అంకె పెట్టాను. అందలేదు. ఒకటి దించాను. అందలేదు. అప్పుడు నా చెయ్యి పక్కకు జరిపి, బటన్ తనే నొక్కింది. నొక్కుతూ, పాడుతూ, ఆగుతూ, మళ్ళీ నొక్కుతూ కిందికి పోయింది. మైనస్ ఆరు దగ్గర ఆగింది. నా వేళ్ళు ఎప్పటి మెట్ల మీదే ఉన్నాయి, పాట మాత్రం నేనెప్పుడూ విననిదిగా ఉంది. గొంతులో గరుకు, మధ్యలో గాలి. "ఆపకు" వస్తుంటే తల దించుకున్నాను. చీలలేదు. చివరిదాకా నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం కొంగుతో మెడ తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

రికార్డు చేసే పరికరమేదీ దగ్గర లేదు. అప్పటికే ఫిలిప్పీన్స్ వాళ్ళు గిటార్లతో గుమ్మంలో నిలబడ్డారు. కాపలా ఆయన "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. నా వేలు కీబోర్డు స్విచ్ మీద ఉంది గానీ నొక్కబుద్ధి కాలేదు. ఆపితే ఆ అంకె పోతుంది. మళ్ళీ సున్నా వచ్చి కూర్చుంటుంది.

అక్క అప్పటికే హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. సాయంత్రం డ్యూటీ ఉంది.

"ఆపెయ్యి తమ్ముడూ" అంది. "వచ్చే శుక్రవారం మళ్ళీ దించుకుందాంలే."