నాన్న మార్చని రాయి

మొన్న పర్ణశాల గుడి దగ్గర ఒక కొట్టు ముందు పాలరంగు పూసల దండ చూసి, అది మామూలు ఓపల్ అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ రాయి పేరు తలిస్తే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి, దానివల్లే మా నాన్న దొంగ అనిపించుకున్నాడు.

నాన్న కొత్తగూడెంలో బొగ్గు కోసం బోర్లు వేసే డ్రిల్లింగ్ పనిలో ఉండేవాడు, ఏ రాయినైనా చేతిలోకి తీసుకుని పేరు చెప్పేవాడు. మా మేనమామ అడవి వాగులో ఒక పెద్ద రాయి నుంచి కోడిగుడ్డంత తెల్లటి ముక్క కొట్టుకొచ్చి, రత్నమేమో చూడమని ఇచ్చాడు. నాన్న రెండు రోజులు ఉంచుకుని, ఇది రంగులాడే రత్నపు రకం కాదు, మామూలు ఓపలేనని తిరిగిచ్చాడు. అసలు రాయి దాచేసి ఉత్త రాయి చేతిలో పెట్టాడని మామ చుట్టాలందరి ముందూ అన్నాడు, సాక్ష్యమంటూ ఆ ముక్కను పెట్టెలో దాచాడు. నాన్న మళ్లీ ఆ గడప తొక్కలేదు. నాకు మాత్రం ఓపిగ్గా నేర్పాడు: మామూలు ఓపల్ పలుగురాయి కంటే తేలిగ్గా ఉంటుందనీ, మైనం పూసినట్టు మెరుస్తుందనీ, పలుగురాయి మొనతో గీస్తే గీత పడుతుందనీ, ఎండలో ఎటు తిప్పినా రంగులు ఆడవనీ.

నాన్న పోయిన చాలా ఏళ్లకు, మామ అది రత్నమేనన్న ఆశ చావక, ఆ పెద్ద రాయిని వాగులోంచి ట్రాక్టర్‌లో తెప్పించాడు. మనవరాలి ఓణీల ఫంక్షన్ నాడు దాన్ని చుట్టాల ముందు పెట్టి, నేను రాళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కదా, చూసి చెప్పమన్నాడు. ఆ రోజు కోసమే బతికినట్టున్నాను. దాచిన ముక్క కూడా తెమ్మన్నాను. రాయికంటిన మట్టి కడిగించి, మామ అప్పుడు కొట్టిన చోట గవ్వలా వంపు తిరిగిన గుంటలో ముక్కను పెట్టాను. వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చుంది. తర్వాత పలుగురాయితో రెండింటి మీదా గీశాను. రెండింటి మీదా ఒకేలాంటి గీత పడింది.

"మామా, మా నాయిన మార్చిన రాయి ఇదేనా?"

ఆయన ముఖం మాడిపోయింది. "ఇంట్ల చెప్తే అయిపోవు గదనే బిడ్డా," అన్నాడు మెల్లగా.

"మా నాయిన్ని నువ్వు నలుగుర్లనే అన్నవ్ గద!"

ఆయన తల దించుకుంటే నాకు జాలి కలగలేదు. పెద్దవాణ్ణి అంత మాట అనకుండా ఉండాల్సిందని అమ్మ చాలా రోజులు బాధపడింది. నేను పడలేదు, ఇప్పుడూ పడను.

ఈ రోజుల్లో ఏ రాయి ఏదో పట్నంలో యంత్రం క్షణంలో తేల్చి కాగితం ఇస్తుంది, ఒక మనిషి మాట నమ్మాల్సిన పనే లేదు. మన కాలంలో మాట తప్ప మనిషికి ఇంకేముండేది? నాన్నను దొంగన్న నోళ్లే ఆ సాయంత్రం విస్తళ్ల ముందు ఆయన ఎంత నిజాయితీపరుడో చెప్పుకున్నాయి. ఆ మాట వినడానికి ఆయన మాత్రం లేడు.