బాలింత గదిలో కుంపటి

మలేసియాలో గది వెచ్చబెట్టుకోవడానికి ఇంట్లో నిప్పు రాజేసుకునే మనిషి ఎవరైనా ఉంటారా అని మీరు అడగొచ్చు. ఉంటారు. మా మేనత్త. సుంగై సిపుట్‌లో, చెప్పుల్లేకుండా వాకిట్లో కాలు పెట్టలేని ఎండలో, ఆవిడ నా గది కిటికీలు బిగించి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టింది. మంచం మీద నేనూ, నా పక్కలో అప్పుడే పుట్టిన నా కూతురూ.

మేము ఆ ఇంటికి చుట్టాలుగా వెళ్లాం. మా అమ్మ అప్పటికి లేదు. మా ఆయన తల్లికి మోకాళ్ల ఆపరేషను. క్లాంగ్‌లో మా ఫ్లాట్‌లోనే ఎవరైనా ఆయాను పెట్టుకుందామని మేమిద్దరం మాట్లాడుకుంటూ ఉండగా మేనత్త ఫోను చేసింది.

"మీ అమ్మ నేదని నీకు పుట్టిల్లు నేదనుకున్నావేటి? పిల్లని పట్టుకొని ఇక్కడికి వొచ్చీ. నాను సూసుకుంటాను."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే సరేనన్నాను. నిప్పుల సంగతి అప్పుడు చెప్పలేదు.

బాలింతకి చలి తగలకూడదన్నది ఆవిడ సిద్ధాంతం. చలి అంటే ఫ్యాను, కిటికీ, చన్నీళ్లు, టైల్స్ నేల, కొబ్బరి నీళ్లు, తడి జుట్టు, ఎదురింటి చెట్టు మీంచి వచ్చే గాలి. ఇవన్నీ ఎముకల్లోకి దూరి కూర్చుంటాయట. వాటిని రానివ్వకుండా ఉండాలంటే నిప్పు. పెద్ద బిస్కెట్ల రేకు డబ్బాకి చిల్లులు కొట్టి కుంపటి తయారుచేసింది. వీధిలో పుల్లలకి మాంసం గుచ్చి సాతే కాల్చే అతను కొనే కొట్లోనే బొగ్గులు తెప్పించింది. సీలింగ్ ఫ్యాను స్విచ్చు మీద నల్ల టేపు అంటించింది. నా చెవుల్లో దూది, తలకి గుడ్డ, కాళ్లకి మేజోళ్లు. అద్దంలో చూసుకుంటే చలి వణికించే కామెరాన్ కొండల మీదికి మొదటిసారి వెళ్లినవాళ్లలా ఉన్నాను.

ఇంత చెప్పే మనిషి గదిలో ఏసీ ఉంది. వాళ్లబ్బాయి పెట్టించాడు. మధ్యాహ్నం అన్నం తినగానే ఆవిడ ఆ గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, దుప్పటి కప్పుకుని పడుకునేది. ఆ తలుపు కింద సందులోంచి చల్లగాలి హాల్లోకి వచ్చేది. బాత్రూముకని చెప్పి లేచి, ఆ సందు దగ్గర మేజోళ్లు విప్పి నిలబడేదాన్ని. నా బతుకు అక్కడికొచ్చింది.

"అత్తా, నువ్వు ఏసీ ఏసుకుంటావు కదా," అని ఒకసారి అడిగేశాను.

"నాను బాలింతనేటి?" అంది.

ఆవిడతో ఏ వాదన పెట్టుకున్నా ఇలాంటి చోటికే వచ్చి ఆగేది. నేను ఇంటర్నెట్‌లో చదివింది చెబితే, "అది రాసినోలు కన్నారేటి?" అనేది. ఆసుపత్రి డాక్టరు గాలి తగలాలన్నాడని చెబితే, "ఆ డాక్టరు మగోడు లా," అని చివర మలేసియా 'లా' ఒకటి తగిలించి తేల్చేసేది. నేను కిటికీ తీయడం, ఆవిడ వంటింట్లోంచి వచ్చి మాట్లాడకుండా మూయడం. మళ్లీ తీయడం, మళ్లీ మూయడం. చివరికి కిటికీ గడియకి పాత చీర అంచు చింపి ముడేసింది. ఆ ముడి నా గోళ్లకి లొంగలేదు.

మా ఆయన సంగతి ఇంకో తలనొప్పి. ఆయన హాల్లో ఫ్యాను కింద లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకునేవాడు. అల్లుడు కదా, ఆయనకి ఫ్యాను తప్పేం కాదు. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడ్డానికి బద్ధకం, అన్నిటికీ అరవంలోనే "సరి అత్తై" అనేవాడు. నా దగ్గరికొస్తే, "నువ్వు చెప్పేది నిజమే," అనేవాడు. అక్కడికెళ్తే ఆవిడ చెప్పేదీ నిజమే. ఇద్దరి మాటా నిజమన్నందుకు ఆయనకి మిరియాల కోడికూర దొరికేది. నాకు పథ్యం, వెల్లుల్లి కారం, బాలింత మందు కాయం ఉండలు. ఒళ్లు మండిపోయేది, లోపలా బయటా.

నా ఒళ్లు మండితే పోనీ అనుకుందును. పాప మెడ మీద, వీపు మీద ఎర్రగా పేలింది. ఆ రోజు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. పాపని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లి, "చూడత్తా, నీ నిప్పు ఏం చేసిందో చూడు," అన్నాను. ఆవిడ చేతులు తుడుచుకుని పాప మెడ తడిమి చూసింది.

"సెమటకాయలే కదా. పౌడరెయ్యి," అంది. కానీ ఆ మాట నా మొహంలోకి చూసి అనలేదు.

ఇక నాకు మిగిలింది మిస్సీ. ప్రసవమైన ఇళ్లకి ప్రభుత్వ క్లినిక్ నుంచి నర్సు వచ్చి తల్లినీ బిడ్డనీ చూసి వెళ్లడం ఇక్కడి పద్ధతి. మా ఊళ్లలో నర్సుని మిస్సీ అంటారు. ఆవిడ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో వాతావరణం మారిపోయేది. వీధి చివర కారు కనిపించగానే మేనత్త పరుగెత్తుకొచ్చి చీర అంచు విప్పి, కిటికీలు తెరిచి, స్విచ్చు మీద టేపు పీకి, ఫ్యాను పూర్తి స్పీడులో పెట్టేది. కుంపటి వెనకవైపు బాత్రూములోకి పోయేది. నా తల గుడ్డ లాగేసేది. మిస్సీ ఉన్నంతసేపూ నేను ఆ గాలి తాగుతూ కూర్చునేదాన్ని. ఆవిడ వెళ్లగానే మళ్లీ అన్నీ యథాస్థానం. మిస్సీ రాకకోసం నేను ఎదురుచూసినట్టు పెళ్లప్పుడు మా ఆయన కోసం కూడా చూడలేదు.

పాప ఒళ్లు పేలిన తరవాత ఆవిడ వచ్చినప్పుడు నేనే మలయ్‌లో అంతా చెప్పేశాను. కుంపటి ఎక్కడుందో కూడా చెప్పాను. మేనత్త గుమ్మంలో నిలబడి ఉంది. మిస్సీ లేచి బాత్రూముకి వెళ్లి చూసొచ్చి, మూసిన గదిలో బొగ్గుల పొగ పసిబిడ్డకీ తల్లికీ ప్రాణం మీదికి తెస్తుందని, ఇంకెప్పుడూ పెట్టొద్దని గట్టిగా చెప్పింది. మేనత్త "యా మిస్సీ, యా మిస్సీ" అంటూ తలూపింది. నా గుండె గాల్లో తేలింది. అంతలో మిస్సీ నావైపు తిరిగి, పొట్టకి గుడ్డ కట్టుకుంటున్నావా, వేడిరాయితో కాపడం పెట్టించుకుంటున్నావా, ఐసు నీళ్లు తాగడం లేదు కదా అని మొదలుపెట్టింది. తన కాన్పుకి వాళ్లమ్మ ఇవన్నీ చేసిందట. మేనత్త తలూపడం ఆగలేదు, కానీ ఈసారి నావైపు చూస్తూ ఊపింది. నా తరఫున ఒక్క మనిషి పూర్తిగా నిలబడే యోగం నాకు లేదు.

మర్నాటినుంచి నా గది కిటికీ తెరిచే ఉంది. ఫ్యాను తిరిగింది. పాప చెమట లేకుండా నిద్రపోయింది. మేనత్త మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. పథ్యం పళ్లెం గుమ్మంలో పెట్టి వెళ్లిపోతుంటే గెలిచానని సంతోషపడటం నావల్ల కాలేదు.

ఒక సాయంత్రం వెనక వసారాలోంచి తనే పిలిచింది. వెళ్లి చూస్తే కుంపటి అక్కడ రాజేసి ఉంది, దాని ముందు ఒక పీట.

"పిల్లని మీ ఆయనకిచ్చీసి రా. నువ్వొక్కదానివీ కూసో. ఇక్కడ గాలాడతాది, నీ మిస్సీ కూడా ఏటీ అనదు. నడుం నిప్పుకేసి పెట్టు."

"నేను కూర్చోను అత్తా. ఎందుకిది? ఎండ చూడు, నేను కరిగిపోతున్నాను. ఎందుకింత పట్టుదల?"

అప్పటికి నా ఓపిక అయిపోయింది. ఆవిడ బొగ్గుల మీద విసనకర్ర ఆడిస్తూనే ఉంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నువ్వు పుట్టినప్పుడు ఎస్టేటు ఇంట్లో మీ అమ్మకి నిప్పు సూసే పని నాది. ఆ నెలంతా వాన. తెల్లారగట్ల రబ్బరు తోటకి పనికి పోవాల. నాను ఎల్లిపోయినాక నిప్పు ఆరిపోయీది. వొచ్చి సూసీసరికి మీ అమ్మ సెమ్మ నేల మీద ముడుసుకొని పడుకునీది. 'పర్లేదొదినా, నాకు సెలి నేదు,' అనీది. నానూ నేదనే అనుకున్నాను. అలిసిపోయి వొచ్చినాను కదా. మళ్లీ రాజెయ్యనేదు."

విసనకర్ర ఆగింది.

"తరవాత బతికినన్నాలూ నడుం నడుం అనీది మీ అమ్మ. నీకు తెలీదేటి?"

నాకు తెలియకపోవడమేం. నూనె రాసింది నేనే కదా. ఎస్టేటు వదిలి బంటింగ్ ఊరికి మారాక అమ్మ ఫ్యాక్టరీలో చేరింది. షిఫ్టు మొత్తం నిలబడే పని. ఇంటికొచ్చి బోర్లా పడుకుంటే నేను నడుం మీద కూర్చుని రుద్దేదాన్ని. ఆ నొప్పి ఎక్కడినుంచి వచ్చిందో నాకు స్పష్టంగా తెలుసు.

"అత్తా, అది ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి వచ్చిన నొప్పి. నీ నిప్పుకీ దానికీ సంబంధం లేదు."

"ఆ ఫ్యాక్టరీలో ఇంకా శానామంది ఆడోలు నిలబడినారు. అందరికీ వొచ్చినాదా?"

ఆవిడ మీద కోపం పోలేదు, కానీ నిలబడి కోప్పడే బలం పోయింది. పాపని మా ఆయనకిచ్చి వచ్చి పీట మీద కూర్చున్నాను. నడుం నిప్పుకేసి పెట్టాను. చెమట వీపు మీదనుంచి కారి పీట తడిసింది. మేజోళ్లు కూడా వేసుకోమంది, వేసుకున్నాను. అక్కడ ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం కూర్చున్నాను, రోజూ విసుక్కున్నాను. ఆవిడ మళ్లీ అమ్మ మాటెత్తలేదు. బొగ్గులు మాత్రం ఒక్క నిమిషం ఆరనివ్వలేదు.

క్లాంగ్‌కి తిరిగొచ్చిన రోజు ఇంట్లోకి అడుగు పెట్టగానే ఏసీ వేసి దాని కింద నిలబడ్డాను. సుఖంగా ఉంది, దాచుకోవడమెందుకు. అప్పటినుంచి మేనత్త తరచూ ఫోను చేస్తోంది. మొదట అడిగేది పాప గురించి కాదు.

"నీ నడుం ఎలాగున్నాది?"

మొన్న పొద్దున పాపని తొట్టిలోంచి ఎత్తుతుంటే వెన్నులో కలుక్కుమంది. పిల్లని ఎత్తుకు తిరిగే ఏ ఆడదానికైనా వచ్చేదే, దానికి చలితో పని లేదు. సగం వంగి గోడ పట్టుకుని నిలబడి ఉండగా ఫోను మోగింది. మా ఆయన తీసి స్పీకరు నొక్కి నా నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ అడగనే అడిగింది. మా ఆయన నోరు తెరవబోయాడు. నేను కళ్లెర్రజేసి చూశాను.

"బాగుంది అత్తా. అసలు నొప్పే లేదు. నిప్పు బాగా పట్టింది."

"సూసినావా మరి," అంది మేనత్త. "ఆ రోజు నాను రాజేసి ఉంటే మీ అమ్మకీ ఇలాగే ఉండీది."

అవునత్తా అన్నాను. తరవాత పాప సంగతులు అడిగింది, నేను గోడ వదలకుండానే అన్నీ చెప్పాను.