బొట్టు పెట్టిన కంప్యూటర్లు

మా చిన్నప్పుడు... జమ్మలమడుగు బడిలో అద్దాల బీరువా ఒకటుండేది. దాంట్లో సూక్ష్మదర్శిని. ఏడాదికోసారి ఆయుధపూజకు దాన్ని బయటికి తీసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, మళ్లీ తాళం వేసేవాళ్లు.

"ఒక్కసారి చూస్తాం సార్..." అంటే, "ముట్టుకుంటే చెడిపోతాది రా!" అని బెత్తం ఎత్తేవాడు మా అయివారు. దాంట్లో చీమ ఎంత కనపడతాదో నాకు ఈరోజుకీ తెలీదు. మాకు దక్కింది టెంకాయ ముక్కలే...

మాటలో మాట... పులివెందులలో మా మేనత్తకు పెండ్లిలో వెండిచెంబు పెట్టినారు. అరిగిపోతాదని అటక మీద దాచింది. ఆమె పోయినాక దించితే బొగ్గు మాదిరి నల్లగా ఉంది. దాంతో ఒక్క గుటక నీళ్లు తాగలేదు పాపం! సరే, ఆమె చెంబు, ఆమె ఇష్టం.

బడిలోవి ఎవరి సొంతమప్పా?

మా కూతురి ఊరు రిజర్వాయరులో మునిగినాక, కొండాపురం పక్కన కాలనీలో ఉంటాండారు. అక్కడి బడికి కంప్యూటర్లు వచ్చినాయి. వచ్చినప్పటి నుంచి గదికి తాళమే. ఏడో తరగతి చదివే మా మనవరాలు మల్లిక, పుస్తకంలో బొమ్మ చూసి, ఇంట్లో నల్లబండల మీద సుద్దతో కీబోర్డు గీసుకుని వేళ్లు ఆడిస్తాంది.

మొన్న ఆయుధపూజకు ఆ బడికి నేనూ పోయినా. గది తెరిచినారు. గుమ్మడికాయ కొట్టినారు. పిల్లోళ్లు వరసగా కంప్యూటర్లకు కుంకుమ పెట్టినారు. అంతే, మళ్లీ తాళం.

"తాతా, బొట్టు పెట్టేదానికి మా చేతులు పనికొస్తాయి... నొక్కేదానికి పనికిరావా?" అంది మల్లిక.

హెడ్మాస్టరును అడిగినా. "చెడిపోతే జవాబు చెప్పాల్సింది నేను పెద్దాయనా! దసరా సెలవులు అయిపోనీ, చూద్దాం" అన్నాడు.

బడి తెరిచే ముందురోజు గదులు ఊడ్పించేదానికి ఆయన వచ్చింటే, పోయి ముందర కూర్చున్నా. కదల్లా. విసుక్కుంటా తాళం తీసి, స్విచ్చి వేసినాడు. ఒక్కటీ వెలగలా. వైర్లన్నీ ఎలుకలు కొరికి పెట్టినాయి.

ఆయన ఏమన్నాడో తెలుసా? "చూసినారా, శానా సున్నితం. అందుకే పిల్లోళ్లను ముట్టుకోనీలా!"

ఒళ్లు మండింది. "ఎలుకలకిచ్చిన చనువు పిల్లోళ్లకిచ్చింటే ఏం పోయేదప్పా!" అని అరిచి వచ్చేసినా.

ఇంట్లో మల్లిక చెరిగిన గీతలు మళ్లీ దిద్దుకుంటాంది. "తాళం తీసినారా తాతా?"

"తీసినార్మా..." అన్నా. అంతవరకు నిజమే.

అప్పుడు సూక్ష్మదర్శిని, ఇప్పుడు కంప్యూటరు... తాళం మాత్రం అదే. మీ బడిలో మీ చేత మొక్కించి, మిమ్మల్ని ముట్టుకోనియ్యని వస్తువేదో చెప్పండప్పా... ఒక్కడినే కోపపడి అలిసిపోయినా.