పిన్ని ఎంచిన క్యామ్‌షాఫ్ట్

నా చిన్నప్పుడు బొబ్బిలిలో మా తాతయ్య ఇంటి వరండా నిండా పనస చెక్క పొట్టు, పెరటి నిండా ఇనప రజను ఉండేవి. తాతయ్య వీణలు చేసేవాడు. మావయ్యకి ఆ పని పట్టుబడక పెరట్లో కార్ల షెడ్డు పెట్టుకున్నాడు. ఈ రెండు పనులూ తెలిసిన మనిషి మా పిన్ని ఒక్కతే. వీణకి మెట్లు బిగించడం తండ్రి దగ్గర, కారు విప్పడం, నడపడం అన్న దగ్గర నేర్చుకుంది. ఆడపిల్లకి ఇనుముతో పనేమిటని ఎవరైనా అంటే చేతులు తుడుచుకుని నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే అడిగినవాళ్లకే సిగ్గేసేది.

మావయ్యకి ఒక పిచ్చి ఉండేది. ఎవరో గోదాములో వదిలేసిన పాత విదేశీ స్పోర్ట్స్ కారు, పైకప్పు లేనిది, రెండే సీట్లది, తెచ్చుకుని ఏళ్ల తరబడి బాగుచేశాడు. ఎర్ర రంగు వేసి ఇంటి ముందు నిలబెట్టిన రోజున అమ్మమ్మ దానికి కూడా దిష్టి తీసింది. అప్పుడే పిన్నికి నరసన్నపేట లెక్కల మాస్టారితో పెళ్లి కుదిరింది. పెళ్లి ఊరేగింపు తన కారులోనే అన్నాడు మావయ్య. ఉన్నవి రెండు సీట్లు కదా, పెళ్లికూతురు, పెళ్లికొడుకు కూర్చుంటే నడిపేదెవరని తాతయ్య అడిగాడు.

"నానే తోలతాను," అంది పిన్ని.

అమ్మమ్మ లెంపలు వేసుకుంది. పెళ్లికొడుకుకి కబురు పంపితే, తనకు సైకిల్ తప్ప ఏదీ రాదనీ, ఆవిడకి వస్తే తనకి అడ్డేమిటనీ అన్నాడట. ఆ ఒక్క మాటతో ఆయన నాకు తెగ నచ్చేశాడు. తాతయ్య చాలాసేపు మీసం దువ్వుకుని ఒక షరతు పెట్టాడు. పెళ్లి బండి దారిలో ఆగిపోతే అరిష్టమంటారు. ఆడపిల్ల నడుపుతుండగా ఆగితే ఊరు నోరు ఎవరూ మూయలేరు. అందుకని ముందు తను నడిచి చూస్తాడు. ఊరేగింపు నడకలో తన వెనకాలే బండి, ఇంజను ఒక్కసారి కూడా ఆగకుండా రావాలి. ఆగితే ఎడ్లబండే గతి.

చిక్కంతా క్యామ్‌షాఫ్ట్ దగ్గర వచ్చింది. ఇంజనులోకి పెట్రోలు గాలి వెళ్లే తలుపులు, పొగ బయటికి పోయే తలుపులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో చెప్పే ఇనుప కడ్డీ అది. దాని మీద గుడ్డు ఆకారంలో బొడిపెలుంటాయి. కారుతో వచ్చినది అరిగిపోయింది. మద్రాసులో రేసు కార్ల పని చేసే స్నేహితుడు మావయ్యకి రెండు ఇచ్చాడు. ఒకదాని బొడిపెలు బాగా లావు, అచ్చంగా పందేలకి చేసినది. రెండోది పాతదానికన్నా బలమైనదే గానీ చూడ్డానికి అంత ఠీవిగా ఉండదు. మావయ్య లావుదే వేశాడు. వీణల ఇంట్లో పుట్టినవాడు కదా, ఆ ఇంజను గర్జన వినగానే మనసు పారేసుకున్నాడు.

పరీక్ష రోజున తాతయ్య భుజాన కండువా వేసుకుని ముందు నడిచాడు. పిన్ని వెనక కారు నడిపింది. నాలుగిళ్లు దాటకుండానే ఇంజను దగ్గడం మొదలెట్టింది. ఎక్కువ తిప్పితే ముందుకి దూకుతుంది, తగ్గిస్తే చచ్చిపోతుంది. రెండోసారి దూకినప్పుడు తాతయ్య పక్కింటి అరుగెక్కేశాడు.

"ఒరే, ఇది ఊరేగిత్తాదా, నన్ను కాటికి పంపుతాదా?" అని అరిచాడు. వీధి వీధంతా నవ్వింది.

మావయ్య ముఖం మాడిపోయింది. పిన్ని మాత్రం కారు దిగి, నిదానంగా అంది. "అన్నియ్యా, ఈ లావుది సెడ్డది కాదు, జోరు మీదే బాగుంటాది. దీనికి కావలసిన రోడ్డు మనకాడ నేదు. ఎవరైనా వీణ కావాలని వస్తే నాన ముందు ఏటి సేస్తాడు? ఆళ్లని కూకోబెట్టి, సేతి ఏళ్లు సూస్తాడు. ఎక్కడ వాయిస్తారో అడుగుతాడు. ఆ తరవాతే సెక్క ముట్టుకుంటాడు."

మావయ్య స్పానర్ అందుకున్నాడు. ఇద్దరూ కలిసి ఇంజను ముందు భాగం విప్పారు. లావుది తీసి రెండోది బిగించి, తలుపుల సందులు సరిచూసి, పిన్ని చెవి ఆనించి విని తలూపింది. మళ్లీ తాతయ్య నడిచాడు. ఈసారి కావాలనే మధ్యలో ఆగి ఇద్దరు ముగ్గురిని కుశలం అడిగాడు. కారు ఆయన వెనక పెంపుడు దూడలా నిలబడింది, నడిచింది.

ఊరేగింపులో తోటి పెళ్లికూతుర్ని నేనే. సీట్ల వెనక ఇరుకు చోటులో కూర్చున్నాను. ముందు, గుండెలకి తప్పెట్లు కట్టుకుని చిందేసే తప్పెటగుళ్ల వాళ్లు. నుదుట బాసికంతో, పట్టుచీర కొంగు నడుముకి బిగించి, పిన్ని స్టీరింగ్ పట్టుకుంది. "పెళ్లికూతురే తోలతన్నాదే, సూడండర్రా!" అని అరుగుల మీది ఆడవాళ్లు కేకలేస్తుంటే జనం విరగబడ్డారు. నాలుగు రోడ్ల కూడలిలో తప్పెటగుళ్ల వాళ్లు కారుకి అడ్డంగా నిలబడి ఆట మొదలెట్టారు. ఎంతకీ కదలరు. ఇంజను ఇప్పుడు ఆగుతుందా, ఇంకాసేపటికా అని అందరి చూపూ దాని మీదే. నా కాళ్ల కింద తెలిసే ఆ ఇంజను అదురు మాత్రం ఒక్క తాళం తప్పలేదు. ఆట ముగిసి వాళ్లు పక్కకి తప్పుకునేసరికి, మావయ్య జనం మధ్యలోంచి గొంతు చించుకుని అందరికీ చెబుతున్నాడు, ఆ క్యామ్‌షాఫ్ట్ ఎంచింది తను కాదు, తన చెల్లెలని. తాతయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు అప్పగింతలయ్యాక నరసన్నపేటకి కూడా నేను వెంట వెళ్లాను. పెద్ద రోడ్డెక్కాక పిన్ని కాలు నొక్కింది. గాలికి నా జడ ఊడిపోయింది. ముందు వెళుతున్న మగపెళ్లివారి బస్సుని దాటేస్తుంటే బాబాయి రెండు చేతులా తలుపు పట్టుకుని, "ఇంకా జోరు ఉన్నాదా?" అని అడిగాడు. "ఉన్నాది," అంది పిన్ని, "ఇప్పుడే కదా రోడ్డొచ్చింది."

ఇప్పటికీ నా ముందు ఎవరైనా ఏదైనా పెట్టి ఎంచమంటే, ఏది గొప్పదని నేను అడగను. ఎవరు నడపాలి, ఏ దారిలో నడపాలి అని అడుగుతాను. మా ఇద్దరమ్మాయిలకి చదువు చూసినప్పుడూ, పెళ్లిళ్లు చేసినప్పుడూ ఆ ప్రశ్నే అడిగాను. జవాబులు వాళ్లనే చెప్పమన్నాను. ఇద్దరూ తమ ఊరేగింపులో తామే కారు నడిపారు. మా వంశంలో అది ఆచారమా అని వియ్యాలవారు అడిగారు. అవునని చెప్పాను.